వెయ్యి సినిమాల ఇళయరాజాలో మనం వినని సగం

ఒకప్పుడు టీవీలో ఐడియా మొబైల్ ప్రకటన వస్తే పక్కగదిలో ఉన్నవాళ్లకి కూడా తెలిసిపోయేది. అందులో వచ్చే చిన్న వరస అలాంటిది. ఇప్పుడు ఆ కంపెనీ పేరే మారిపోయింది. వరస మాత్రం, కాస్త అందిస్తే చాలు, మిగతాది ఈల వేసి పూర్తి చేసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. అది ఎక్కడిది అని అడిగితే మాత్రం తలగోక్కుంటారు. 1983లో వచ్చిన 'పల్లవి అనుపల్లవి' అనే కన్నడ సినిమాలోది. మణిరత్నం మొదటి సినిమా. సంగీతం ఇళయరాజా.

కోట్లమంది విన్నారు, ఎవరిదో ఎవరికీ తెలియలేదు. ఇళయరాజా సంగీతంలో చాలా భాగం పరిస్థితి ఇదే. 1976లో 'అన్నక్కిళి' అనే తమిళ సినిమాతో మొదలైన ఆయన ప్రయాణానికి 2026తో 50 ఏళ్లు. 2025 మార్చి 8న లండన్‌లో పెద్ద పాశ్చాత్య వాద్యబృందం కోసం రాసిన తన 'వేలియంట్' సింఫనీని వినిపించారు. మరోపక్క పాటల హక్కుల కేసులతో ఆయన పేరు తరచూ వార్తల్లోకి వస్తోంది. ఇలా పేరు వినిపించినప్పుడల్లా ఒక మాట కూడా వినిపిస్తుంది: "ఆయన వెయ్యి సినిమాలు చేశారు, మనకి తెలిసింది వంద కూడా లేదు, మిగతావి వెతకాలి."

మాట నిజమే గానీ, వెతికే చోటు దగ్గర చిన్న తిరకాసు ఉంది. తెలియని ఇళయరాజా రెండు రకాలు. ఒకటి, సినిమానే ఎవరికీ గుర్తులేక అందులోని సంగీతం కూడా మరుగున పడిపోయినది. రెండోది, సినిమా పదిసార్లు చూశాం, డైలాగులు కంఠతా వచ్చు, సంగీతం మాత్రం చెవిన పడలేదు. అందరూ మొదటిదాని కోసం వెతుకుతారు. పెద్ద నిధి ఉన్నది రెండోదాంట్లో.

పాట, బిట్టు, బీజీఎం, రీరికార్డింగ్

ముందు మాటల చిక్కు విడదీయాలి. ఒకే మాటని నలుగురు నాలుగు అర్థాల్లో వాడటం వల్లే సగం గందరగోళం.

పాట అంటే పేచీ లేదు. పాట లోపల పల్లవికీ చరణానికీ మధ్య వాద్యాలు మాత్రమే మోగే భాగం ఉంటుంది. దాన్ని కొందరు ఇంటర్‌లూడ్ అంటారు, కొందరు బిట్టు అంటారు, ఆర్కెస్ట్రాల్లో వాయించేవాళ్లు మొదటి బీజీఎం, రెండో బీజీఎం అంటారు. సినిమా చూసేవాడు బీజీఎం అన్నప్పుడు మనసులో ఉండేది వేరు. సన్నివేశం నడుస్తుంటే మాటల కింద, చప్పుళ్ల కింద వచ్చే నేపథ్య సంగీతం అది. "రాజా గారి బీజీఎం అద్భుతం" అని ఇద్దరు తలూపుకుంటున్నప్పుడు ఒకరు పాటలోని వయొలిన్ల గురించీ, ఇంకొకరు క్లైమాక్స్ గురించీ మాట్లాడుతూ ఉండొచ్చు.

రీరికార్డింగ్ అనే మాటకి ఇంకో కథ. హాలీవుడ్‌లో ఆ మాటకి అర్థం మాటలు, చప్పుళ్లు, సంగీతం మూడింటినీ కలిపే చివరి మిక్సింగ్. మన పరిశ్రమలో అది కాస్తా నేపథ్య సంగీతం చేయడానికి పేరైపోయింది. షూటింగ్, ఎడిటింగ్, డబ్బింగ్ అన్నీ అయ్యాక, బొమ్మని తెరమీద వేసుకుని దానికి తగ్గట్టు సంగీతం రికార్డు చేయడమే మనవాళ్ల భాషలో రీరికార్డింగ్, పొట్టిగా ఆర్‌ఆర్. పాటలు సాధారణంగా షూటింగ్‌కి ముందు పుడతాయి, ఆర్‌ఆర్ సినిమా మొత్తం తయారయ్యాక పుడుతుంది. పాటకి తగ్గట్టు బొమ్మ తీస్తారు, బొమ్మకి తగ్గట్టు ఆర్‌ఆర్ చేస్తారు.

ఇక థీమ్. ఒక పాత్రకో, బంధానికో, భయానికో కట్టిపెట్టిన చిన్న వరస. అది సినిమాలో మళ్లీ మళ్లీ, వేర్వేరు వాద్యాల మీద, వేర్వేరు వేగాల్లో వస్తుంది.

కాగితం మీద లెక్క

1980లో వచ్చిన 'మూడుపని' ఇళయరాజాకి వందో సినిమా. 1990లో వచ్చిన 'అంజలి' ఐదు వందలది. అంటే ఆ పదేళ్లలో 400 సినిమాలు. ఏడాదికి 40, నెలకి మూడు పైన.

ఇప్పుడు ఇంచుమించు అంకెలతో ఒక లెక్క వేద్దాం. సినిమాకి ఐదు పాటలు, పాటకి నాలుగున్నర నిమిషాలు అనుకుంటే 22 నిమిషాల చిల్లర. ఏడాదికి 40 సినిమాలంటే 900 నిమిషాలు, 15 గంటల పాటలు. అదే సినిమాలో రెండున్నర గంటల నిడివికి 40 నిమిషాల నేపథ్య సంగీతం ఉందనుకుందాం. ఇది ఎక్కువేం కాదు. ఏడాదికి 1,600 నిమిషాలు, అంటే 26 గంటల పైచిలుకు. పదేళ్లకి పాటలు 150 గంటలైతే నేపథ్య సంగీతం 260 గంటలు దాటుతుంది.

నా అంకెల్ని అటూ ఇటూ ఎంత జరిపినా ఫలితం పెద్దగా మారదు. 40కి బదులు 30 నిమిషాలే వేసుకున్నా ఆర్‌ఆర్ వాటా పాటల కన్నా ఎక్కువే. ఆ 150 గంటల పాటలు రికార్డుల మీద, క్యాసెట్ల మీద, ఇప్పుడు ఫోన్లలో ఉన్నాయి. ఈ 260 గంటల్లో విడిగా బయటికి వచ్చింది బహు స్వల్పం.

మధ్యలో ఒక జాగ్రత్త. "వెయ్యి సినిమాలు" అన్న అంకెని పట్టుకుని వెయ్యి వేరువేరు సంగీతాలు అనుకోకూడదు. 2016 సంక్రాంతికి వచ్చిన, దర్శకుడు బాలా తీసిన తమిళ 'తారై తప్పట్టై' వెయ్యోది అని ప్రచారం చేశారు. కానీ మన జాబితాల్లో అనువాదాలు కలిసిపోతుంటాయి. ఒక ఉదాహరణ చూడండి. 1986లో తమిళ 'మౌనరాగం'. దాని తెలుగు డబ్బింగ్‌లో 'మల్లెపూల చల్లగాలి' పాట మనకి తెలిసిందే. అదే బాణీ 2007లో హిందీ 'చీనీ కమ్' టైటిల్ పాటగా మళ్లీ వచ్చింది. జాబితాలో మూడు సినిమాలు, బాణీ ఒకటే. 1982 నాటి మలయాళ 'ఓళంగళ్'లోని 'తుంబీ వా' కూడా అంతే, 2009లో హిందీ 'పా'లో తేలింది. అభిమాని దీన్ని గనిలోంచి మళ్లీ తవ్వి తీయడం అంటాడు, గిట్టనివాడు పాత సరుకు అంటాడు. ఇద్దరి దగ్గరా ఉన్న సాక్ష్యం మాత్రం ఒక్కటే.

42 సెకన్లలో తలుపు ఎప్పుడు తెరుచుకోవాలి

ఆర్‌ఆర్ ఎలా కడతారో తెలియకపోతే దాన్ని విని ఆనందించడం కష్టం. రీళ్ల కాలంలో సినిమా వెయ్యి అడుగుల ముక్కలుగా ఉండేది. సెకనుకి 24 ఫ్రేములు, అడుగుకి 16 ఫ్రేములు. అంటే నిమిషానికి 90 అడుగులు, ఒక రీలు సుమారు 11 నిమిషాలు. సంగీత దర్శకుడు ఒక్కో రీలు చూసి, ఎక్కడ సంగీతం మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ అసలు ఉండకూడదు అన్నది తేల్చుకోవాలి. ఆ తర్వాత రాయాలి. ఆ తర్వాత వాద్యబృందం వాయించాలి. నెలకి మూడు నాలుగు సినిమాలు ఉన్నవాడికి దీనికి దొరికేవి చాలా కొద్ది రోజులు.

నేను కల్పించిన ఒక సన్నివేశం తీసుకుందాం. నిడివి 42 సెకన్లు. ఒక అమ్మాయి మెట్లెక్కి వస్తోంది, 27వ సెకనులో తలుపు తెరుచుకుంటుంది, ఎదురుగా ఇన్నాళ్లూ చచ్చిపోయాడనుకున్న మనిషి. నిమిషానికి 80 దెబ్బల వేగం పెట్టుకుంటే ఒక్కో దెబ్బకి ముప్పావు సెకను. 27 సెకన్లంటే సరిగ్గా 36 దెబ్బలు. నాలుగేసి దెబ్బలకి ఒక బారు చొప్పున 9 బార్లు. అంటే తొమ్మిది బార్లు మెట్ల మీద నడిపించి, పదో బారు మొదటి దెబ్బ మీద తలుపు తీయాలి. మొత్తం 42 సెకన్లకి 56 దెబ్బలు, 14 బార్లు. మిగిలిన ఐదు బార్లలో ఏం చేస్తాడన్నది అతని ప్రతిభ. పదో బారు దగ్గర డ్రమ్ములన్నీ ఒక్కసారి మోగించడం అందరూ చేసే పని. అక్కడ అన్నీ ఆపేసి ఒక్క ఫ్లూటుని వదలడం ఇంకో పద్ధతి. తలుపు తెరుచుకోక ముందే, ఎనిమిదో బారులోనే ఆ మనిషి థీమ్‌ని సన్నగా వినిపించి, ప్రేక్షకుడికి తెలియకుండానే అతన్ని సిద్ధం చేయడం మూడో పద్ధతి. మూడోది ఒక్కసారి పట్టుకున్నవాళ్లు ఇక సినిమాని మునుపటిలా చూడలేరు.

ఇళయరాజాకి ఈ పనిలో ఉన్న వెసులుబాటు చేతిలో ఉన్న రాత. మద్రాసులో ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య స్వరలిపి నేర్చుకున్నారు, సంగీత దర్శకుడు జి.కె. వెంకటేశ్ దగ్గర సహాయకుడిగా సినిమా పని చూశారు. ఎవరు ఏం వాయించాలో కాగితం మీద రాసి ఇవ్వగలిగినవాడు, ఒక్కొక్కరికీ పాడి వినిపించి నేర్పించాల్సిన వాడికన్నా చాలా ముందుంటాడు. ఏడాదికి 40 సినిమాలు సాధ్యమయ్యాయంటే అందులో ప్రతిభ ఎంతో, ఈ కాగితం కూడా అంతే.

బొమ్మకి తగ్గట్టు కట్టడంలో ఆయన ఎంత దూరం వెళ్లగలరో చెప్పడానికి కమల్ హాసన్ 'హే రామ్' (2000) ఉదాహరణ చాలు. ఆ సినిమాకి మొదట వయొలిన్ విద్వాంసుడు ఎల్. సుబ్రమణ్యం సంగీతం. పాటల చిత్రీకరణ కూడా అయ్యాక ఇళయరాజా వచ్చారు. తెర మీద నటీనటుల పెదాలు అప్పటికే వేరే బాణీకి కదిలేశాయి. ఆ పెదాల కదలికకి సరిపోయేలా కొత్త బాణీలు కట్టారు. పాటని ఆర్‌ఆర్ చేసినట్టు చేయడం అన్నమాట.

క్యాసెట్‌లోకి ఎందుకు రాలేదు

మొదటి కారణం చోటు. ఒక ఎల్పీ రికార్డు ఒక్కో పక్క పట్టేది ఇరవై నిమిషాల చిల్లర. ఐదారు పాటలు వేస్తే సగం పైనే నిండిపోయేది. రెండో కారణం వ్యాపారం. రేడియోలో వేసేది పాట, పెళ్లి పందిట్లో మైకులో పెట్టేది పాట. ఇరవై సెకన్లు, ముప్పై సెకన్ల ముక్కలుగా ఉండే ఆర్‌ఆర్‌ని ఎవరు కొంటారు?

మూడోది సాంకేతికం. ఇప్పుడు మనకి అడ్డొచ్చేది ఇదే. 80ల సినిమాల్లో ఎక్కువ భాగం మోనో. ఫిల్మ్ అంచున ఉండే ఒక్క సన్నటి గీతలో మాటలు, అడుగుల చప్పుడు, వాన, వయొలిన్ అన్నీ ఒకటైపోయి ఉంటాయి. పాలలో కలిసిన నీళ్లలాగా. మూల టేపులు దొరికితే తప్ప సంగీతం విడిగా రాదు, ఆ టేపులు మన ఎండకీ చెమ్మకీ నిలవడం గొప్ప.

ఒక మినహాయింపు ఉంది. డబ్బింగ్ చేయాలంటే మాటలు లేకుండా సంగీతం, చప్పుళ్లు మాత్రమే ఉన్న ట్రాక్ కావాలి. దాన్ని ఎం అండ్ ఈ ట్రాక్ అంటారు. అది ఉన్న సినిమాకి తెలుగు డబ్బింగ్‌లో కూడా అసలు సంగీతమే వినిపిస్తుంది. లేని చోట డబ్బింగ్ వాళ్లు ఎక్కడిదో ఒక సంగీతం అతికించేస్తారు. పాత తమిళ సినిమాని తెలుగులో చూసి "ఇందులో ఆర్‌ఆర్ అంత గొప్పగా లేదే" అనిపిస్తే, మనం విన్నది ఆయనది కాకపోయే అవకాశం కూడా ఉందన్నమాట. ఈమధ్య మాటల్నీ సంగీతాన్నీ విడదీసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. వాటితో అభిమానులు పాత సన్నివేశాల సంగీతాన్ని బయటికి లాగుతున్నారు. మాట గట్టిగా ఉన్న చోట వయొలిన్ కూడా దాంతోపాటే కొంత పోయి, నీళ్లలోంచి విన్నట్టు ఉంటుంది. దాన్నిబట్టి స్వరం గుర్తుపట్టొచ్చు గానీ వాద్యం నాదాన్ని తూచకూడదు.

పరికరాల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఆయన బాస్ గిటార్ వరసలు గాయకుడి వెనక నడిచే ఊతకర్రలు కావు, వాటిదే ఇంకో పాట. రెండు వరసలు ఒకదాన్నొకటి అనుకరించకుండా, ఒకదాన్నొకటి తొక్కకుండా కలిసి నడవడాన్ని కౌంటర్‌పాయింట్ అంటారు. ఆయన బృందంలో ఆ వరసలు వాయించింది ఎక్కువగా శశిధరన్. బాస్ గిటార్ అట్టడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఫోన్ స్పీకర్ అంత లోతుకి దిగలేదు. ఫోన్లో వింటే ఆ రెండో పాట చాలావరకు మాయం. ఎంతో తెలిసిన పాటని కూడా మంచి హెడ్‌ఫోన్లతో వింటే కొత్తగా అనిపించడానికి కారణం ఇదే.

నాయకుడు, దళపతి: పాట కరిగి ఆర్‌ఆర్ అయ్యే చోట

1987 నాటి 'నాయకన్', మన 'నాయకుడు', ఆయన నాలుగు వందల సినిమాల మైలురాయి. 'నీ గూడు చెదిరింది' అందరికీ తెలుసు. జోలపాటలాంటి చిన్న వరస, స్వరాల పరిధి కూడా తక్కువ, పల్లెలో ఎవరైనా కూనిరాగం తీయగలిగేది. ఆ సినిమాని మళ్లీ చూసేటప్పుడు ఆ వరస ఎన్నిసార్లు వస్తుందో మాత్రమే లెక్కపెట్టండి. నేను ఒకసారి కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. మధ్యలోనే లెక్క తప్పాను, ఎందుకంటే కొన్నిచోట్ల అది వచ్చిందో, వచ్చిందని నాకు అనిపించిందో తెలియలేదు. తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడి కోసం మొదలైన వరస, అతను కొడుకుని పోగొట్టుకున్నప్పుడు అతని దగ్గరికే తిరిగి వస్తుంది. మొదటిసారి మనం పిల్లవాడి మీద జాలిపడ్డాం. రెండోసారి ఆ స్వరాలే మనచేత ఒక హంతకుడి మీద జాలి పడేలా చేస్తాయి. ఆ తూకం డైలాగుతో తేవాలంటే రచయితకి నాలుగు పేజీలు పట్టేది.

'దళపతి' (1991) ఇంకొంచెం మెలిక ఉన్నది. మొదట్లోనే నలుపు తెలుపు బొమ్మ. భోగి నాడు ఒక అమ్మాయి తన పసిబిడ్డని గూడ్సు రైలులో వదిలేస్తుంది. 'ఆడజన్మకు ఎన్ని శోకాలో' పాట ఆ బిడ్డకి లాలి. ఇక్కడి నుంచి సినిమా అంతా ఆ లాలి వరసా, రైలు చప్పుడూ జంటగా తిరుగుతాయి. గుడిలో తల్లీ కొడుకూ, ఒకరికొకరు తెలియకుండా, దగ్గర్లోనే ఉన్నప్పుడు రైలు కూత వినిపిస్తుంది. వాళ్లకి ఏమీ తెలియదు, మనకి తెలుసు. మనకి చెప్పింది తెర మీది మనుషులు కాదు. రైలు కూత చప్పుడు కిందికి వస్తుందా, సంగీతం కిందికి వస్తుందా? అక్కడ ఆ గీత చెరిగిపోయింది.

పాట లోపలికే కథలోని చప్పుడు వచ్చేసిన ఉదాహరణ మన తెలుగులోనే ఉంది. 'గీతాంజలి' (1989)లో 'ఓం నమః' పాటకి తాళంగా గుండె చప్పుడు వాడారు. చావు తరుముకొస్తున్న ఇద్దరి కథలో ప్రేమపాటకి గుండె కొట్టుకోవడమే తాళం. పాటని రేడియోలో విన్నవాళ్లకి అది ఒక చమత్కారం. సినిమాలో చూసినవాళ్లకి అది కొంచెం భయం కూడా.

నిజంగానే మరుగున పడ్డవి

ఇప్పుడు మొదటి రకానికి వద్దాం. బాలూ మహేంద్ర తీసిన తమిళ 'వీడు' (1988)లో పాటలు లేవు. సొంతిల్లు కట్టుకోవాలనుకునే ఒక మధ్యతరగతి అమ్మాయి కథ. త్యాగరాజుకీ, జర్మన్ స్వరకర్త బాఖ్‌కీ అంకితమిస్తూ ఇళయరాజా అంతకుముందు చేసిన 'హౌ టు నేమ్ ఇట్?' ఆల్బమ్ సంగీతాన్నే అందులో నేపథ్యంగా వాడుకున్నారు. సినిమా కోసం పుట్టని సంగీతం సినిమాలో ఎలా ఒదిగిందో చూడటానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. అదే ఆల్బమ్‌ని ముందు విడిగా విని, తర్వాత సినిమాతో వింటే, సంగీతం మారలేదు గానీ అర్థం మారిందని తెలుస్తుంది. అందులో నటించిన అర్చన, అదే దర్శకుడు తెలుగులో తీసిన 'నిరీక్షణ'లోనూ ఉంది. 'ఆకాశం ఏనాటిదో' పాట తెలిసినవాళ్లలో ఆ సినిమాని మౌనంగా ఉన్న చోట్ల వినిపించే సంగీతం కోసం చూసినవాళ్లు కొద్దిమందే ఉంటారని నా అనుమానం.

మలయాళంలో రాజీవ్ అంచల్ 'గురు' (1997) ఉంది. దాని సంగీతం బుడాపెస్ట్ సింఫనీ ఆర్కెస్ట్రాతో రికార్డు చేశారు. గుడ్డివాళ్ల లోకంలోకి వెళ్లిన మనిషి కథ అది, చెవులకి పని ఎక్కువ. మిష్కిన్ తమిళంలో తీసిన 'ఓనాయుం ఆట్టుక్కుట్టియుం' (2013)లోనూ పాటలు లేవు, రాత్రంతా నడిచే కథ, ఆర్‌ఆర్ ఒక పాత్రలా తిరుగుతుంది.

తెలుగు వాడికి దగ్గరి దారి వంశీ సినిమాలు. 'సితార', 'అన్వేషణ', 'లేడీస్ టైలర్' తెలియనివాళ్లు ఉండరు. 'ఆలాపన', 'మహర్షి', 'శ్రీ కనకమహాలక్ష్మి రికార్డింగ్ డ్యాన్స్ ట్రూప్' దగ్గరికొచ్చేసరికి పాటలు మిగిలాయి, సినిమాలు జారిపోయాయి. 'అన్వేషణ' (1985) మళ్లీ చూడదగ్గది. అడవిలో హత్యలు, సంగీతం మీద పరిశోధనకి వచ్చిన అమ్మాయి. కథలోనే సంగీతం ఉంది కాబట్టి పాట ఎక్కడ ఆగి భయం ఎక్కడ మొదలవుతుందో విడదీసి వినడానికి వీలైన సినిమా.

ఇంత రాస్తే అంతా బాగుంటుందా?

ఉండదు. ఇది అభిమానులు ఒప్పుకోవాల్సిన మాట. నెలకి మూడు సినిమాలు చేసేవాడి దగ్గర అలవాటుగా వచ్చే మలుపులు ఉంటాయి. అవే ఎగిసే వయొలిన్లు, అదే ఏడుపు ఫ్లూటు. సినిమానే పేలవమైతే సంగీతం దాన్ని ఎంతవరకు మోస్తుంది? మరుగున పడ్డ ప్రతిదీ రత్నం కాదు, కొన్ని మరుగున పడాల్సినవే. సంఖ్య ఎక్కువ కావడమే లోపం అనేవాళ్ల వాదన ఇది.

ఎదుటి వాదనా తీసిపారేయదగ్గది కాదు. అంత వేగంలో పనిచేయడం వల్లే ప్రయోగాలకి చోటు దొరికిందంటారు వాళ్లు. ఏడాదికి ఒక్క సినిమా చేసేవాడు దాన్ని పణంగా పెట్టలేడు. 40 చేసేవాడు ఒకదాంట్లో తోచింది చేసి చూడగలడు. ఎవరూ పట్టించుకోని చిన్న సినిమాల్లో అలాంటి ప్రయోగాలు ఎక్కువ కనిపించడం ఈ మాటకి బలం. నాకు ఈ రెండో వాదన మీదే మొగ్గు, అయితే మొదటిదాన్ని మరిచిపోతే వెతుకులాట భక్తిగా మారిపోతుంది.

2000 తర్వాత ఆయన తగ్గారా అన్నది ఇంకో పాత పేచీ. పాటలు జనం నోట తగ్గాయన్నది కాదనలేం. కానీ ఆయనకొచ్చిన ఐదు జాతీయ అవార్డులు చూడండి. మొదటి మూడు 'సాగరసంగమం', 'సింధుభైరవి', 'రుద్రవీణ'. మూడూ 80లవి, రెండు తెలుగువి. 2009 సినిమాల నుంచి పాటలకీ నేపథ్య సంగీతానికీ వేర్వేరు అవార్డులు ఇవ్వడం ఆనవాయితీ అయింది. ఆ తర్వాత ఆయనకొచ్చిన రెండూ, 'పళశ్శి రాజా', 'తారై తప్పట్టై', నేపథ్య సంగీతానికే. పాటలతో కొలిస్తే తగ్గుదల, ఆర్‌ఆర్‌తో కొలిస్తే వేరే బొమ్మ. అవార్డు ఒక్కటే కొలత కాదనుకోండి.

బొమ్మ లేకుండా వినొచ్చా?

ఆర్‌ఆర్‌ని విడిగా ఆల్బమ్‌లా వినడం న్యాయమేనా అని అడిగేవాళ్లున్నారు. తలుపు తెరుచుకునే 42 సెకన్లకి కట్టినది తలుపు లేకుండా వింటే తొమ్మిది బార్ల తర్వాత ఎందుకు ఆగిందో తెలియదు, సగం వాక్యంలా ఉంటుంది. ఇది బలమైన మాటే. దీనికి జవాబుగా చెప్పేది 'పల్లవి అనుపల్లవి' థీమ్. బొమ్మని వదిలేసి, ప్రకటనలోకి వచ్చి, అక్కడ కూడా నిలబడింది. ఆర్‌ఆర్ అంతా ఒక జాతి కాదు. థీమ్‌లు తమ కాళ్ల మీద నిలబడతాయి, సన్నివేశానికి కుట్టిన ముక్కలు నిలబడవు. రెండోరకం గొప్పతనం తెలియాలంటే ఒకే సన్నివేశాన్ని ఒకసారి శబ్దం ఆపి, ఒకసారి కళ్లు మూసుకుని, ఒకసారి మామూలుగా చూస్తే సరిపోతుంది. ఏది దేనిమీద ఆధారపడిందో ఆ తేడాలో బయటపడుతుంది.

ఈ సంగీతం ఎవరి సొత్తు?

అభిమాని పెట్టిన సన్నివేశం క్లిప్పు ఈ వారం ఉంటుంది, వచ్చే వారం ఉండదు. కారణం హక్కులు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన సంగీతం ఒక హక్కు, దాని రికార్డింగు వేరే హక్కు, సినిమా ఇంకో హక్కు. నిర్మాత డబ్బిచ్చి చేయించుకున్న సంగీతానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని నిర్మాతే అని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. 2012లో చట్టాన్ని సవరించి, సినిమా హాలు బయట జరిగే వాడకానికి సంగీత దర్శకుడికీ రచయితకీ రాయల్టీలో సమాన వాటా ఉంటుందనీ, దాన్ని రాసిచ్చేసుకోవడానికి వీల్లేదనీ చేర్చారు. 80ల ఒప్పందాలకి ఇది ఎలా వర్తిస్తుందన్న దగ్గరే తగాదా.

నిర్మాతలు, ఆడియో కంపెనీల వైపు మాట: నష్టం వస్తే భరించింది మేం, పూర్తి ధర ఇచ్చి కొన్నాం. ఇళయరాజా వైపు మాట: నా సృష్టిని నన్ను అడక్కుండా కొత్త సినిమాలో వాడుకుంటే ఎలా? 2024లో 'మంజుమ్మెల్ బాయ్స్'లో 'గుణ' పాట వాడినందుకు ఆయన నోటీసు పంపింది అందుకే. ఈ తగాదాలు ఎక్కువగా పాటల చుట్టూనే. ఆర్‌ఆర్ గురించి ఇంత గొడవ జరగదు, దానికి ఇంకా అంత ధర పలకదు కాబట్టి. ఒకరకంగా దానికిది మేలే చేస్తోంది, ఒకరకంగా కీడే. కొట్లాడేవాళ్లు లేనిదాన్ని భద్రంగా దాచేవాళ్లూ తక్కువ.

టైటిల్స్ పడే రెండు నిమిషాలు

మోనో సినిమాలో మాట అడ్డు లేకుండా ఆర్‌ఆర్ వినిపించే చోటు ఒకటుంది. అది టైటిల్స్. రెండు మూడు నిమిషాలు, ఒక్క డైలాగు ఉండదు. రాబోయే సినిమాలోని థీమ్‌లు అక్కడ తరచూ ఒకదాని వెనక ఒకటి తలెత్తి చూసి వెళ్తాయి. వాయించినవాళ్లకి దొరికిన నిఖార్సైన సమయం అది. పాత టీవీ చానళ్లు ప్రకటనలకి చోటు కోసం ముందు కోసేసేది దాన్నే. ఇప్పుడు ఫోన్లో సినిమా పెట్టగానే పేర్లు పడటం మొదలవుతుంది, మొదటి వయొలిన్ లేచే లోపు తెర కింద కుడిమూలన ఒక చిన్న బటన్ వస్తుంది, దాటేయమంటారా అని. మొన్న 'అన్వేషణ' పెట్టినప్పుడు నా బొటనవేలు అలవాటు కొద్దీ దానిమీదకే వెళ్లింది.